చెట్టుమీది నాచు: మేలా, కీడా?

తొలకరి పడిన మూడు వారములకే నూతి ఒరలు, పాత ప్రహరీ గోడలు, మామిడి మొదళ్ళు పచ్చబడుట రైతులందరు చూచు విషయమే. వేసవిలో నల్లని పొక్కువలె అంటియున్నదే వాన తగులగానే మెత్తని పచ్చని పరుపుగా మారును. దీనినే మనవారు నాచు అనియు, పాచి అనియు పిలుచుచున్నారు. మెట్లమీద నున్నచో కాలు జారునని గీకివేయుదురు. చెట్లమీద నున్నప్పుడు మాత్రము దీనిని ఉంచవలెనా, తీసివేయవలెనా అను సందేహము చాలమందికి కలదు.

కిందటి వర్షకాలమున పాడేరు ప్రాంతములో ఒక కాఫీ తోటను చూడబోయితిని. ఆ రైతు ఇద్దరు కూలీలను పెట్టి నీడచెట్ల మానులపై నాచునంతను కత్తులతో గీకించుచుండెను. అక్కడక్కడ బెరడు కూడ లేచి తెల్లని చెక్క కనబడుచుండెను. కారణమడుగగా, “ఈ పాచి చెట్టు సారమంతా పీల్చేస్తోందండి. ఇలాగే వదిలేస్తే చెట్టు దక్కదు. మీరేమంటారు?” అనెను. ఆ ప్రశ్నకు నావద్ద వెంటనే సమాధానము లేకపోయెను. వరిలోను, రాగిలోను కలుపును గూర్చి పాఠములు చెప్పు నాకు చెట్టుమీది ఈ పచ్చదనము కలుపో, కాదో నిశ్చయముగా తెలియదు. తరువాత ఈ విషయమై చదివి, వృక్షశాస్త్రము తెలిసినవారితో చర్చించి గ్రహించిన సంగతులను ఇందు వ్రాయుచున్నాను.

నాచు అనగా ఏది?

మన వాడుకలో నాచు అను మాట పలువిధముల జీవులకు చెల్లుచున్నది. చెరువులో తెట్టుకట్టు పచ్చని పోగులు, వరిమళ్ళలో నత్రజని కొరకు వేయు నీలి ఆకుపచ్చ నాచు శైవలములని పిలువబడునవి. మసాలా దినుసులలో వాడు రాతిపువ్వు లైకెన్. అనగా శిలీంధ్రము, శైవలము కలిసి చేయు కాపురము. నీటిపై తేలు అజొల్లా ఒక ఫెర్ను. కొండరాళ్ళపై పెరిగి, ఎండి ముడుచుకొని, నీరు తగులగానే విచ్చుకొను ఒక మొక్కను బజారులో సంజీవని పేర అమ్ముదురు. అదియు నాచు కాదు. దానికి నిజమైన వేళ్ళును, నీరు ప్రవహించు నాళములును కలవు.

ఈ వ్యాసములో చెప్పబోవునవి మూడు తెగల మొక్కలు. మొదటిది అసలైన నాచులు. రెండవది లివర్‌వర్టులు, వీనిలో కొన్ని కాలేయపు ఆకారమున నుండుటచే పాశ్చాత్యులు ఆ పేరు పెట్టిరి. మూడవది ఆంథోసిరస్ తెగ. ఈ మూటిని కలిపి శాస్త్రజ్ఞులు బ్రయోఫైటులందురు. ప్రపంచమున వీని జాతులు సుమారు 20,000 కలవు. అందు నాచులు 12,000కు పైగాను, లివర్‌వర్టులు ఇంచుమించు 7,000ను, ఆంథోసిరస్ తెగవి రెండు వందల పైచిలుకును ఉండును. మనదేశమున 2,000కు పైగా జాతులు గుర్తింపబడినవి. మనదేశపు లివర్‌వర్టులను శ్రద్ధతో పరిశోధించి ఈ శాస్త్రమునకు పునాది వేసినవారు లాహోరులో ఆచార్యులుగా పనిచేసిన శివరామ్ కశ్యప్ గారు (1882-1934).

వీనిని గుర్తించుట కష్టము కాదు. అసలైన నాచుకు సన్నని కాండము, దానిచుట్టు అన్నివైపుల చిన్న చిన్న ఆకులు ఉండును. దానినుండి దారమువంటి కాడ లేచి, కొనయందు ఆవగింజకంటె చిన్నదైన తిత్తి కనిపించును. ఆకులు గల లివర్‌వర్టు బెరడుకు చదునుగా అంటుకొని, రెండు వరుసల ఆకులతో జడ అల్లినట్లుండును. మరికొన్ని లివర్‌వర్టులకు కాండము, ఆకు అను భేదమే లేదు. పచ్చని నాలుకవలె నేలను కరచుకొని పాకును. ఈ చివరి రకమును చూచుటకు అడవికి పోనక్కరలేదు. తడి ఆరని పొలపు గట్లమీద, కోత అయిన వరిమడిలో, రూపాయి బిళ్ళంత గుండ్రముగా, చీలికలు చీలికలుగా అంటుకొనియుండు చిన్న మొక్క రిక్సియా అను లివర్‌వర్టు. అడవిలోని లివర్‌వర్టులకు అది దగ్గరి చుట్టము.

వేరులేని బ్రతుకు

రైతు ముందుగా గ్రహింపవలసిన సంగతి ఇది: నాచుకు వేరు లేదు. బెరడును పట్టుకొనుటకు నూలుపోగులవంటి మూలతంతువులు మాత్రము కలవు. ఇవి లంగరువలె పనిచేయును గాని చెక్కలోనికి దిగి సారమును తీయవు. మామిడి కొమ్మలపై వచ్చు బదనికను మీరెరుగుదురు. అది తన వేరును చెట్టు చెక్కలోనికి దింపి, చెట్టు తెచ్చుకొన్న నీటిని, లవణములను దొంగిలించును. బంగారుతీగ అంతకంటె దుర్మార్గము. తయారైన ఆహారమునే లాగుకొనును. నాచు ఈ రెండింటిలో ఏదియు చేయదు. అది ఆకుపచ్చని మొక్క; తన అన్నమును తానే వండుకొనును. వాననీరు, మంచు, గాలిలోని ధూళి, పై ఆకులనుండి కారు నీటిలోని లవణములు - ఇవియే దాని జీవనాధారము. ఇందుకు నిదర్శనముగా అదే నాచు రాతిగోడమీద కూడ పచ్చగా పెరుగుట చూడవచ్చును. రాతినుండి పీల్చుటకు సారమేమున్నది?

వేరు లేనందున నాచు నీటిని తన ఒంటినిండ త్రాగును. ఒకొక్క ఆకు చాల జాతులలో ఒకే కణపు మందము గలది. తడి తగిలినంతనే నిమిషములలో తాగి ఉబ్బును. అటులనే గాలి ఆరినప్పుడు నీటిని నిలుపుకొనలేక ఎండిపోవును. కాని వరిమొక్కవలె చనిపోదు. పని ఆపి, ముడుచుకొని కూర్చుండును. తిరిగి తడి తగిలిన కొద్ది వేళకే ఆహారము తయారు చేయుట మొదలిడును. అడవులలోని అన్ని జాతులకు ఈ ఓర్పు సమానముగా లేదు. పైకొమ్మలలో ఎండకు గురియగునవి గట్టివి. నీడలో, చెమ్మలో పెరుగునవి సున్నితమైనవి.

వీనికి పువ్వు లేదు, విత్తనము లేదు. మగకణము నీటిలో ఈది పోయి ఆడకణమును చేరవలెను. కావున తడి లేనిదే సంతానము లేదు. అటుపిమ్మట తిత్తిలో పొడివంటి సిద్ధబీజములు తయారై గాలికి చెదరిపోవును. కొన్ని లివర్‌వర్టులు ఇంకొక ఉపాయము పన్నినవి. వాని వెన్నుపై చిన్న గిన్నెలుండి, ఆ గిన్నెలలో పచ్చని బిళ్ళలు తయారగును. వానచినుకు గిన్నెలో పడి చిందినప్పుడు ఆ బిళ్ళలు దూరముగా ఎగిరిపడి, ఒక్కొక్కటి కొత్త మొక్క యగును. మార్కాన్షియా అను జాతిలో దీనిని కంటితోనే చూడవచ్చును.

ఒకే చెట్టుపై పలు మడులు

ఒక కాలువ క్రింద ఎగువ మడికి, దిగువ మడికి నీటి అందుబాటు వేరుగా నుండును. దానినిబట్టి పైరు వేరగును. ఉష్ణమండలపు అడవిలో ఒక పెద్ద చెట్టు కూడ అట్టిదే. మొదట చీకటి, చెమ్మ ఎక్కువ. అచ్చట మెత్తని పరుపువంటి నాచులు పెరుగును. మానుపై విసనకఱ్ఱవలె బయటికి చాచుకొనునవి ఉండును; కారిపోవు నీటిని, కొద్దిపాటి వెలుతురును అందుకొనుటకు ఆ ఆకారము అనువైనది. పెద్ద కొమ్మల పంగలలో ఏళ్ళతరబడి చేరిన నాచు మందపాటి దిండ్లవలె నుండి, క్రింద నల్లని మట్టిని తయారు చేయును. చివరి రెమ్మలలో ఎండను, ఎండుటను ఓర్చు చిన్న జాతులు అంటియుండును. మబ్బులు తరచు కమ్ము చోట్ల కొమ్మలనుండి జడలవలె వ్రేలాడు నాచులు కలవు. నేలమీద నిలిచి చూచువానికి కనబడని జాతులు చెట్టు తలలో ఎన్నో ఉండును. చెట్లెక్కి పరిశోధించుట మొదలైన పిదపనే ఈ సంపద సంగతి శాస్త్రజ్ఞులకు సరిగా తెలిసినది.

మరియొక విచిత్రము. ఎప్పుడును ఆకురాలని తడి అడవులలో బ్రతికియున్న చెట్టు ఆకుపైననే లివర్‌వర్టులు పెరుగును. ఆకు బ్రతుకు ఏడాదో, రెండేళ్ళో గనుక, అది రాలిపోవులోపలనే ఇవి మొలచి, పెరిగి, తమ సంతతిని వేరొక ఆకుకు చేర్చవలెను. ఎడతెగని చెమ్మ లేనిచో ఇవి బ్రతుకవు. కావుననే అడవిని పలుచన చేసినప్పుడు ముందుగా మాయమగు మొక్కలలో ఇవి ముఖ్యమైనవి. అడవి ఆరోగ్యమును తెలిసికొనుటకు ఇవి మంచి గుర్తు.

కొండపైకి పోయినకొలది

వాన ఎక్కువైన చోటనెల్ల నాచు ఎక్కువగా నుండునని తలచుట పొరపాటు. పల్లపు వానఅడవులలో జాతులు పెక్కు ఉన్నను, వాని మోతాదు తక్కువ. అవియు ఎక్కువగా చిన్న లివర్‌వర్టులే. కారణమేమనగా, అచ్చట పగటివేళ ఎండకు నాచు త్వరగా ఆరిపోయి ఆహారము తయారుచేయు వేళ తగ్గును. రాత్రి తడి దొరికినను వెలుతురు లేదు. పైగా రాత్రి వెచ్చదనమునకు శ్వాసక్రియ హెచ్చి, పగలు కూడబెట్టినది ఖర్చగును. ఆదాయము తక్కువ, వ్యయము ఎక్కువయైన సేద్యమువంటిదే ఇది.

కొండ ఎక్కినకొలది చల్లదనము, మబ్బు పెరుగును; లెక్క తారుమారగును. దాదాపు 1,500 నుండి 2,500 మీటర్ల ఎత్తున, మబ్బులు తరచు చెట్లను తాకుచుండు అడవులను మేఘారణ్యములందురు. అచ్చట మాను, కొమ్మ, రెమ్మ అంతయు నాచుతో కప్పబడియుండును. మనదేశమున నీలగిరి, పళని కొండల షోలా అడవులలో ఈ దృశ్యమును చూడవచ్చును.

నీటి లెక్క

మేఘారణ్యపు నాచు ఎంత నీటిని పట్టునో ఆఫ్రికాలో కొలిచి చూచిరి. టాంజానియా దేశమున ఉలుగురు అను పర్వతములు కలవు. దార్ ఎస్ సలాం నగరమునకు నీరందించు రువు నదికి ఈ కొండల వాగులే ఆధారము. హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు తమాష్ పోచ్ ఆ కొండలపై పరిశోధన చేసి 1980లో ఫలితములు ప్రకటించెను. సుమారు 2,100 మీటర్ల ఎత్తున పొట్టి చెట్ల మేఘారణ్యములో, చెట్లపై పెరుగు నాచులు మొదలైనవాని ఎండుబరువు హెక్టారుకు సుమారు 14 టన్నులుండెను. ఒక్క వానకు అవి హెక్టారుకు 50,000 లీటర్ల వరకు నీటిని పట్టి ఉంచగలిగెను. అనగా ఎకరమునకు 20,000 లీటర్లు. ఇరవై లీటర్ల బిందెలతో వేయి బిందెలు. అయిదు మిల్లీమీటర్ల వాన చెట్లమీదనే నిలిచిపోయినదన్నమాట. అదే కొండపై 1,400 మీటర్ల ఎత్తున నున్న అడవిలో ఇట్టి పదార్థము హెక్టారుకు రెండు టన్నులు మాత్రమే యుండెను. అది పట్టిన నీరును ఆమేరకు తక్కువే.

ఈ నీరంతయు వాగుకు చేరునని అనుకొనరాదు. కొంత తిరిగి ఆవిరియగును. మిగిలినది చినుకు చినుకుగా గంటలకొలది కారును. దీనివలన మూడు లాభములు కలవు. మొదటిది, కుండపోత వాన ఒక్కుమ్మడిగా నేలను కొట్టక మట్టి కోత తగ్గును. రెండవది, నెమ్మదిగా దిగు నీరు నేలలో ఇంకుటకు వ్యవధి దొరకును. మూడవది, వాన లేని దినములలో కూడ నాచు మబ్బునుండి సన్నని నీటి తుంపరలను వడగట్టి క్రిందికి జార్చును. వానకొలతకు చిక్కని ఈ నీరు ఎండకాలపు కొండ ఊటలకు ఆసరా.

చెట్టుకు, అడవికి చేయు మేలు

నాచు చెట్టును తినదనుటయే గాక, చెట్టే నాచునుండి లాభము పొందు సందర్భములును కలవు. కొన్ని వృక్షములు తమ కొమ్మలనుండి వేళ్ళు పుట్టించి, కొమ్మపై నాచు క్రింద చేరిన మట్టిలోనికి పంపి ఆహారము తీసికొనునని అమెరికాలో శాస్త్రజ్ఞురాలు నళినీ నాడ్కర్ణి 1981లో తెలిపిరి. మేఘారణ్యములలోను ఇది కనబడుచున్నది. నాచు దిండ్లలో చేరియుండు నీలి ఆకుపచ్చ శైవలములు గాలిలోని నత్రజనిని స్థిరపరచును. ఆర్కిడ్లు, ఫెర్నులు మొలచుటకు నాచే నారుమడి. పురుగులకు, కప్పలకు, పక్షుల గూళ్ళకు అదియే ఆశ్రయము. కొత్తగా తెగిన గట్లమీద, బాట కోతలమీద ముందుగా వచ్చి మట్టిని పట్టి నిలుపునదియు నాచే.

ఒకసారి తీసివేసిన నాచు త్వరగా తిరిగి రాదు. కోస్టారికా దేశపు మోంటెవర్డె మేఘారణ్యములో కొమ్మలపై నాచునంతను ఒలిచి, ఏటేట పరిశీలించిరి. మొదటి అయిదేండ్లలో చెప్పుకొనదగిన నాచు రాలేదని 2000లో ప్రకటించిరి. గంటలో గీకినది పదేండ్లకైనను పూర్వపు మందమునకు రాదు.

మన కొండల మాట

అరకు, పాడేరు ప్రాంతపు కొండలు మేఘారణ్యమంత ఎత్తైనవి కావు. కాఫీ సాగగు భూములు ఎక్కువగా వేయి మీటర్లకు అటునిటు. శిఖరములు కొన్ని 1,600 మీటర్లు దాటును. ఇచ్చటి నాచు ఉలుగురు కొండల నాచంత మందముగా నుండదు. కావున పైన చెప్పిన అంకెలను యథాతథముగా మన తోటలకు అన్వయింపరాదు. అయినను పని ఒకటే. పరిమాణము మాత్రము చిన్నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ పారి, తాటిపూడి జలాశయమునకు చేరు గోస్తనీ నదికి ఈ కొండల అడవియే ఆధారము. పైన నిలిచిన చెమ్మ క్రింద పల్లపు రైతుకు నీరగును.

తోట వేసినంతమాత్రమున నాచు అంతయు పోదు. నీడచెట్లు పలురకములుగా, పాతవిగా నున్న కాఫీ తోటలో అడవి జాతులలో కొన్ని నిలుచును; ఎండకోర్చునవి పైకొమ్మలలో బ్రతుకును. నీడను పూర్తిగా కొట్టివేసిన తోటలో సున్నితమైనవి మిగులవు.

రైతులు పాటింపదగిన విషయములు

1. నీడచెట్లపైని, అడవిచెట్లపైని, ముదురు మామిడి, పనస చెట్ల మానులపైని నాచును గీకరాదు. కూలి ఖర్చు వృథా. బెరడుకు గాయమైనచో పురుగునకు, తెగులునకు దారి యేర్పడును.

2. అరబికా కాఫీ మొక్క సంగతి వేరు. తెల్ల కాండము తొలుచు పురుగు తల్లి, పెచ్చుబెరడు సందులలో గ్రుడ్లు పెట్టును. కావున ప్రధాన కాండమును, లావుపాటి మొదటి కొమ్మలను కొబ్బరిపీచుతో గాని, పీచు తొడుగుతో గాని రుద్ది, వదులు బెరడును నాచుతోసహా తీసివేయుట మంచిది. తల్లిపురుగులు ఎగురు కాలము ఏప్రిల్-మే, మరల అక్టోబరు-డిసెంబరు. ఆ కాలములకు ముందుగా ఈ పని ముగింపవలెను. కత్తి వాడరాదు, లోపలి పచ్చబెరడుకు దెబ్బ తగులరాదు. తగిన నీడ ఉంచుటయు ఈ పురుగునుండి రక్షణయే.

3. పండ్లచెట్టుపై నాచు అతిగా పెరిగినచో అది రోగము కాదు, రోగమునకు గుర్తు కావచ్చును. కొమ్మలు కిక్కిరిసి గాలి, వెలుతురు ఆడుట లేదనియో, చెట్టు పెరుగుదల మందగించినదనియో గ్రహింపవలెను. ఎండుకొమ్మలను తీసి, ఎరువు, నీరు, మురుగు సరిచూడవలెను. నాచుకొరకే మందు చల్లనక్కరలేదు. రాగి కలిసిన మందులు నాచును చంపును గాని, కొట్టుకొనిపోయి వాగులోని చేపలకు హాని చేయును.

4. నారు సంచులపై పచ్చని నాలుకలవంటి లివర్‌వర్టు వ్యాపించినచో నీరు ఎక్కువగా పోయుచున్నారని అర్థము. తడి తగ్గించి, సంచులను ఎడముగా పెట్టి, పైన ముతక ఇసుక పలుచగా పరచవలెను.

5. జామ, దానిమ్మ గాలి అంట్లకు నాచు కట్టుట అలవాటు. బజారున దొరకు నాచులో చాలభాగము కొండ అడవులలో ఒలిచి తెచ్చినదే. దీనికి బదులు బాగుగా కడిగి తడిపిన కొబ్బరి పీచుపొట్టును పాలిథీను కాగితములో కట్టినను వేళ్ళు వచ్చును.

6. వాగు గట్లపైని, ఊట మొదటనున్నవైన చెట్లను, వాని నాచును తాకక ఉంచవలెను. నాచు కొనుటకు వచ్చు వర్తకులకు ఒలిచి ఇచ్చుటవలన వచ్చు సొమ్ము స్వల్పము. పోవునది ఊట నీడ.

నాచు నీటిని పట్టు శక్తిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. పాత గోడమీది ఎండిన నాచును పిడికెడు తీసి, మట్టి దులిపి, చిన్న తక్కెడలో తూచుడు. గంటసేపు నీటిలో ఉంచి, పైనీరు కారిపోనిచ్చి తిరిగి తూచుడు. బరువు ఎన్ని రెట్లు పెరిగినదో పిల్లలకు చూపుడు. కొండమీది చెట్లన్నిటిని తలచుకొన్నచో మిగిలిన లెక్క వారే కట్టుకొందురు.

పాడేరు రైతుకు నేను తరువాత ఈ సంగతులు తెలిపితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే ఊట దగ్గరి పనస చెట్ల జోలికి పోనులెండి. మరి గీకేసినవాటి మాటేమిటి?” అని అడిగెను. గీకిన మానుపై గాయములు మాననిచ్చి, నీడ చెడకుండ చూచి, ఊరకుండుటయే మందని చెప్పితిని. ఇక అచ్చట పని చేయవలసినది వాన, కాలము.